ఇంటర్‌ఫెరాన్ కొందరికే ఎందుకు పనిచేస్తుంది? ఆ పరిశోధనకు ఏం చదవాలి?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మకు హెపటైటిస్‌-బి ఉంది. 48 వారాలు ఇంటర్‌ఫెరాన్‌ ఇంజక్షన్లు వేయించినా ఆశించిన ఫలితం రాలేదు. ఒకరికి పనిచేసిన మందు మరొకరికి ఎందుకు పనిచేయదో పరిశోధించాలని ఉంది. వైరాలజీలో పీజీ చేయాలా?

జవాబు: వైరాలజీ మంచి సబ్జెక్టే. అయితే మీరు అడిగిన ప్రశ్నకు సమాధానం వైరస్‌లో ఎంత ఉందో, అది చేరిన కాలేయ కణంలోనూ అంతే ఉంది. కాబట్టి కోర్సు పేరు కంటే కణజీవశాస్త్రం, ఇమ్యునాలజీ, బయోకెమిస్ట్రీ గట్టిగా నేర్పే చోటు మీకు ముఖ్యం.

ఇంటర్‌ఫెరాన్‌ కణాలకు సంకేతమిచ్చే ప్రొటీన్‌; వైరస్‌ను నేరుగా చంపే మందు కాదు. అది కణం పైపొరలోని గ్రాహకానికి (రిసెప్టర్‌) అతుక్కోగానే లోపల జాక్‌1, టైక్‌2 ఎంజైములు స్టాట్‌1, స్టాట్‌2 ప్రొటీన్లకు ఫాస్ఫేట్‌ను చేరుస్తాయి. అవి ఐఆర్‌ఎఫ్‌9తో కలిసి కేంద్రకంలోకి వెళ్లి వందలాది జన్యువులను పనిలోకి దించుతాయి. అలా తయారయ్యే ప్రొటీన్లలో అపోబెక్‌3ఎ ఒకటి. కేంద్రకంలో ఏళ్ల తరబడి తిష్ఠ వేసుకుని ఉండే వైరస్‌ వలయాకార డీఎన్‌ఏను ఇది దెబ్బతీయగలదని 2014లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. ఇందుకు భిన్నంగా సాక్స్‌1, యూఎస్‌పీ18 వంటి ప్రొటీన్లు ఇంటర్‌ఫెరాన్‌ సంకేతాన్ని అణచివేస్తాయి. వైరస్‌ కూడా ఊరుకోదు: తన డీఎన్‌ఏను మూగబోయేలా చేసే ఎస్‌ఎంసీ5/6 అనే ప్రొటీన్ల సముదాయాన్ని తన హెచ్‌బీఎక్స్‌ ప్రొటీన్‌ సాయంతో నాశనం చేయిస్తుందని 2016లో తేలింది. వైరస్‌ జన్యురకం, రోగి రోగనిరోధక స్థితి కూడా ఫలితాన్ని మారుస్తాయి కనుక, ఏ ఒక్క ప్రొటీన్‌నో కారణంగా చూపడం సరికాదు.

ఈ పని ప్రయోగశాలలో ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండాలి. ల్యాబ్‌లో పెంచే సాధారణ హెప్‌జీ2 కాలేయ కణాల్లోకి ఈ వైరస్‌ ప్రవేశించజాలదు. వైరస్‌ కణంలోకి వెళ్లేందుకు వాడుకునే ఎన్‌టీసీపీ గ్రాహకాన్ని 2012లో గుర్తించిన తర్వాత, దాన్ని చేర్చిన కణాలతో ప్రయోగాలు సులువయ్యాయి. ఆ కణాలకు అరగంట ఇంటర్‌ఫెరాన్‌ ఇచ్చి, పగలగొట్టి, ప్రొటీన్లను జెల్‌పై వేరుచేసి, పొరపైకి ఎక్కించి, ఫాస్ఫేట్‌ చేరిన స్టాట్‌1ను యాంటీబాడీతో చూస్తారు (దీన్నే వెస్టర్న్‌ బ్లాట్‌ అంటారు). పోలిక కోసం చూసే యాక్టిన్‌ ప్రొటీన్‌ గీత అన్ని వరుసల్లో సమానంగా వచ్చి, వైరస్‌ సోకిన వరుసలో ఫాస్ఫేట్‌ చేరిన స్టాట్‌1 గీత పలచబడితేనే ఆ తేడాను నమ్మాలి. ఒక్కోసారి ఇదే బ్లాట్‌ను వారాల తరబడి మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది. ఆ ఓపిక మీకు ఉందో లేదో ఇప్పుడే, చివరి సెమిస్టర్‌ ప్రాజెక్టులోనే పరీక్షించుకోండి.

పీజీకి హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల సీయూఈటీ-పీజీ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) తోడ్పాటుతో నడిచే ఎమ్మెస్సీలకు గ్యాట్‌-బి, ఐఐటీలకూ ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్‌ పీహెచ్‌డీకీ జామ్‌ ప్రవేశపరీక్ష రాయాలి. పీజీ తర్వాత సీఎస్‌ఐఆర్‌-నెట్‌ లైఫ్‌ సైన్సెస్‌లో జూనియర్‌ రీసెర్చ్‌ ఫెలోషిప్‌ (జేఆర్‌ఎఫ్‌) వస్తే, 2023లో సవరించిన ప్రకారం నెలకు రూ.37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీలో చేరవచ్చు. పీహెచ్‌డీకి దాదాపు అయిదేళ్లు పడుతుంది. ఇంట్లో ఆర్థిక భారం ఉంటే ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ల్యాబ్‌ పేరు చూసి ఆగిపోకుండా, ఆ బృందం ఇటీవలి పత్రాలు రెండు మూడు చదివి, వారు కణం వైపు నుంచి పనిచేస్తున్నారో లేదో చూడండి.

అమ్మ చికిత్స విషయం మాత్రం కాలేయ వైద్యులకే వదిలేయండి. ఇంటర్‌ఫెరాన్‌ పనిచేయకపోతే టెనోఫోవిర్‌, ఎంటెకావిర్‌ వంటి మాత్రలు ఉన్నాయి. తల్లికి ఈ వైరస్‌ ఉన్నప్పుడు పిల్లలకూ సోకి ఉండే అవకాశం ఉంటుంది గనుక, ల్యాబ్‌లో అడుగుపెట్టే ముందు మీరు, మీ తోబుట్టువులు వైరస్‌ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ యాంటీజెన్‌ పరీక్ష తప్పక చేయించుకోండి. నెగెటివ్‌ వస్తే టీకా పూర్తిచేసి, చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ స్థాయి మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు దాటిందో లేదో చూపించుకోండి.