దగ్గు సిరప్ తాగినా డోపింగేనా?

ప్రశ్న: మా అబ్బాయి వెయిట్‌లిఫ్టర్. ఇంకో పది రోజుల్లో నేషనల్స్. దగ్గుకి మందుల షాపులో సిరప్ ఇచ్చారు. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ డాక్టరు గారు సెలైన్ పెడతానంటున్నారు. ఇబ్బందేమైనా ఉందా?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: సిరప్ ఆపించండి, సీసా మాత్రం పారేయకండి. దాని వెనక సన్నక్షరాల్లో టెర్బ్యుటలిన్ ఉందేమో చూడండి. మన షాపుల్లో బ్రోమ్‌హెక్సిన్‌తో కలిపి అమ్మే సిరప్‌లు చాలావాటిలో అది ఉంటుంది. పోటీ ఉన్నా లేకపోయినా, ఏడాది పొడవునా అది నిషిద్ధమే. పేరు చివర ‘ఎల్‌ఎస్’ ఉంటే సాధారణంగా లెవోసాల్బ్యుటమాల్ కలిపినట్టు. తాగే మందుగా అదీ కుదరదు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్, సెట్రిజిన్ వాడుకోవచ్చు.

దగ్గు ఉబ్బసం వల్లయితే సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్‌కి అనుమతి ఉంది, లెక్క తప్పకూడదు: 8 గంటల్లో 600, 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు. ఒక్కో పఫ్ 100 అయితే 8 గంటలకి ఆరు పఫ్‌లు. అంతకు మించి అవసరమైతే టీయూఈ (చికిత్స కోసం నిషిద్ధ మందు వాడుకునే అనుమతి) కావాలి. దానికి 30 రోజుల ముందే నాడాకి (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) దరఖాస్తు పెట్టాలి.

ఇక సెలైన్. ఉప్పునీళ్లే కదా అనుకుంటారు. 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి నరానికి ఎక్కిస్తే, అందులో ఏ మందూ లేకపోయినా తప్పే. ఆస్పత్రి చికిత్సలో భాగమైతే మినహాయింపు ఉంది గానీ, ఇంట్లో కిటికీ ఊచకి వేలాడదీసిన అరలీటరు సీసాకి లేదు. ఓఆర్‌ఎస్ తాగించండి. ‘నొప్పుల సూది’ అంటే అందులో డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) కలిపారేమో తప్పకుండా అడగండి. పోటీ ముందురోజు రాత్రి 11:59 నుంచి స్టెరాయిడ్ సూది నిషిద్ధం. కండకి వేసిన డెక్సా ఒంట్లోంచి పోవడానికి 5 రోజులు పడుతుందని లెక్క.

డోపింగ్ పరీక్షకి శాంపిల్ ఇచ్చేటప్పుడు గత 7 రోజుల్లో వాడిన మందులన్నీ ఫారంలో రాయించండి. రాసినంత మాత్రాన శిక్ష తప్పదు గానీ, దాచలేదని తేలుతుంది. ‘షాపువాడిచ్చాడు, కోచ్ ఇచ్చాడు’ అంటే చెల్లదు. ఒంట్లో దొరికినదానికి ఆటగాడిదే పూచీ.

ప్రశ్న: శాంపిల్ ఎలా తీసుకుంటారు? తలుచుకుంటేనే సిగ్గుగా ఉంది.
– కబడ్డీ క్రీడాకారిణి, గుణుపురం

జవాబు: ఎదురుగా నిలబడి చూసేది ఆడ అధికారే. కప్పు మీరే ఎంచుకుంటారు. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం కావాలి: ముందు బి సీసాలో 30, తర్వాత ఏ సీసాలో 60, మీ చేత్తోనే పోసి మూత బిగించాలి. సీసాల మీది నంబర్లు ఫారంతో సరిపోయాయో లేదో చూశాకే సంతకం పెట్టండి. త్వరగా అయిపోవాలని లీటర్లకు లీటర్లు నీళ్లు తాగొద్దు. మూత్రం మరీ పల్చనైతే మళ్లీ ఇవ్వాలి, రాత్రయినా కదలనివ్వరు. సిగ్గుపడి వెళ్లిపోతే మాత్రం నాలుగేళ్ల నిషేధం దాకా వస్తుంది.

ప్రశ్న: ‘నిషిద్ధ పదార్థాలు లేవు’ అని డబ్బా మీద ఉన్న ప్రొటీన్ పౌడర్ వాడొచ్చా?
– రాయగడ

జవాబు: ఆ మాటకి పూచీ ఎవరూ లేరు. లేబుల్ మీద లేని స్టెరాయిడ్లు కలిసిన పౌడర్లు తాగి దొరికిపోయినవాళ్లున్నారు. స్కూపుకి 24 గ్రాముల ప్రొటీన్ అంటారు, నాలుగు గుడ్లు తింటే వచ్చేదీ అంతే. అయినా కొంటానంటే అదే బ్యాచ్ నంబరున్న డబ్బా ఇంకోటి సీలు తీయకుండా, బిల్లుతో సహా దాచండి.