హాట్ ప్లేట్‌ని సర్క్యూట్‌గా గీసి, అది వేడెక్కే తీరును ముందే చూడొచ్చా?

హీటర్ బిగించిన అల్యూమినియం ప్లేట్‌కి టెంపరేచర్ కంట్రోలర్ తయారుచేసే ముందు, అది ఎలా వేడెక్కుతుందో ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా చూసుకోవచ్చు. బోర్డుల సోల్డరింగ్ కోసం నేనూ ఇలాంటి ప్లేటే చేసుకున్నాను. కంట్రోలర్ సెట్టింగులు చాలావరకు సిమ్యులేషన్‌లోనే తేలిపోయాయి.

ఉష్ణోగ్రతను వోల్టేజ్ అనుకోండి, వాట్లలో పారే వేడిని కరెంట్ అనుకోండి. ఒక వాట్ పారడానికి ఎన్ని డిగ్రీల తేడా కావాలో అది రెసిస్టర్. ఒక డిగ్రీ పెరగడానికి ఎన్ని జౌల్స్ కావాలో అది కెపాసిటర్. 200 వాట్ల హీటర్ అంటే 200 ఆంపియర్ల కరెంట్ సోర్స్, గది అంటే 25 వోల్టుల సోర్స్. అసలు ఓమ్ 1827లో తన సిద్ధాంతాన్ని కట్టిందే, ఫూరియర్ ఉష్ణవాహకత మీద చేసిన పనిని ఆధారం చేసుకుని. కాబట్టి ఈ రెండింటి చుట్టరికం పాతదే.

10 సెంటీమీటర్ల చదరం, ఒక సెంటీమీటర్ మందం ఉన్న ప్లేట్ బరువు 270 గ్రాములు. అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కడానికి గ్రాముకు సుమారు 0.9 జౌల్స్ కావాలి కాబట్టి 243 ఫారడ్ల కెపాసిటర్ పెట్టాలి. 200 డిగ్రీల దగ్గర గాలిలోకి 35 వాట్లు పోతున్నాయనుకుంటే గదితో ఉన్న తేడా 175ని 35తో భాగించి 5 ఓమ్‌లు. టైమ్ కాన్‌స్టెంట్, అంటే మొత్తం పెరుగుదలలో దాదాపు 63 శాతం పూర్తవడానికి పట్టే సమయం, ఇరవై నిమిషాలు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, నాకు నచ్చనిది అదే. ఒక్క రెసిస్టర్, ఒక్క కెపాసిటర్‌తో గీస్తే దాదాపు ఏ కంట్రోలర్ పెట్టినా బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. నిజం ప్లేట్ మాత్రం సెట్ చేసిన ఉష్ణోగ్రత దాటి పోతుంది. సర్క్యూట్‌లో కరెంట్‌ని వెంటనే ఆగనివ్వని ఇండక్టర్ (తీగచుట్ట) లాంటిది వేడికి లేదు, మరి ఆ దాటడం ఎక్కడిది? హీటర్ లోపల దాగిన వేడి వల్ల, ఆలస్యంగా చెప్పే సెన్సర్ వల్ల. హీటర్‌కి 20 ఫారడ్లు, హీటర్‌కీ ప్లేట్‌కీ మధ్య 0.5 ఓమ్ అనుకోండి. 200 వాట్లు పారుతున్నప్పుడు హీటర్ ప్లేట్ కన్నా దాదాపు 100 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. స్విచ్ ఆపేశాక కూడా ఆ 2000 జౌల్స్ ప్లేట్‌లోకే దిగి, దాన్ని ఇంకో ఏడెనిమిది డిగ్రీలు పెంచుతాయి. అందుకే హీటర్, ప్లేట్, సెన్సర్ మూడింటికీ మూడు నోడ్‌లు (సర్క్యూట్‌లో భాగాలు కలిసే బిందువులు) పెట్టండి. ప్రతి కెపాసిటర్ రెండో కొస గ్రౌండ్‌కే కలపాలి.

సిమ్యులేషన్‌లో ఒక చిక్కు ఉంది. కరెంట్ సోర్స్‌ని మొదటి నుంచే 200 దగ్గర పెడితే ఎల్‌టీస్పైస్ ముందు స్థిరస్థితిని లెక్కగట్టి అక్కడి నుంచి మొదలుపెడుతుంది, గ్రాఫ్ గీత గీసినట్టు అడ్డంగా వస్తుంది. సున్నాతో మొదలై కాసేపటికి పైకి లేచే పల్స్ ఇవ్వండి, ప్లేట్ 25 దగ్గర బయలుదేరుతుంది.

విలువలన్నీ లెక్కలతోనే తెచ్చుకోవద్దు, కొలవండి. ప్లేట్‌కి 30 వాట్ల లాంటి చిన్న పవర్ ఇచ్చి ఉష్ణోగ్రత నిలకడ అయ్యేదాకా ఆగండి. గది కన్నా పెరిగిన డిగ్రీలను వాట్లతో భాగిస్తే గాలిలోకి పోయే దారి రెసిస్టెన్స్ వస్తుంది. పూర్తి పవర్ ఇచ్చి, మొదటి అర నిమిషం వదిలేసి, ఆ తర్వాత సెకనుకు ఎన్ని డిగ్రీలు ఎక్కుతోందో చూస్తే మొత్తం కెపాసిటెన్స్ తెలుస్తుంది. వాట్లు మాత్రం హీటర్ మీద రాసినవి కాకుండా మీటర్‌తో చూసినవే వాడండి. 230 వోల్టులకు 200 వాట్లిచ్చే హీటర్, మెయిన్స్ వోల్టేజ్ 210కి పడితే 167 వాట్లే ఇస్తుంది.

ప్లేట్‌కి నల్ల ఆనోడైజింగ్ (అల్యూమినియం మీద వేసే ఆక్సైడ్ పొర) ఉంటే రేడియేషన్‌ని విడిగా లెక్కలోకి తీసుకోవాలి. 200 డిగ్రీల దగ్గర అది ఒక్కటే 45 వాట్ల దాకా లాగుతుంది, మామూలు మెరిసే అల్యూమినియం అయితే ఆరు వాట్లే. ఇది ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది కనుక రెసిస్టర్ సరిపోదు. ప్లేట్ నోడ్ నుంచి గ్రౌండ్‌కి బిహేవియరల్ కరెంట్ సోర్స్ (మనం రాసిన ఫార్ములా ప్రకారం కరెంట్ లాగేది) పెట్టి, వోల్టేజ్‌కి 273 కలిపి ఫార్ములా రాయండి. 100 డిగ్రీలు దాటని పనికైతే ఈ శ్రమ అక్కర్లేదు, రెసిస్టర్ విలువే కాస్త తగ్గించి పెట్టుకోండి.