జాతీయ గ్రంథాలయం వదిలాక బి.ఎస్. కేశవన్ ఏం చేశారు?

స్వాతంత్ర్యం వచ్చాక కలకత్తా జాతీయ గ్రంథాలయానికి తొలి లైబ్రేరియన్ కేశవన్. 1962లో అక్కడి నుంచి కదిలి, 1963లో ఢిల్లీలోని ఇన్‌స్‌డాక్‌కు డైరెక్టరయ్యారు. శాస్త్రవేత్త ఏదో విదేశీ పత్రికలోని వ్యాసం కావాలంటే దాన్ని వెతికి, ఫొటోకాపీనో మైక్రోఫిల్మో తీసి, అవసరమైతే అనువాదం కూడా చేయించి పంపే సంస్థగా అది అప్పట్లో ఉండేది. 1970లో మళ్లీ జాతీయ గ్రంథాలయానికే వచ్చి కొద్దికాలం పనిచేశారు.

నన్ను కదిలించేది మాత్రం ఆ తర్వాతి పని. 1909లో పుట్టిన మనిషి, భారతదేశంలో అచ్చు, ప్రచురణల చరిత్ర మొదటి సంపుటాన్ని 1985లో తెచ్చారు, మూడోదాన్ని 1997లో. లైబ్రేరియన్‌గా జీవితమంతా పుస్తకాల మధ్య గడిపితేనే అది సాధ్యం. రెండో సంపుటంలో కర్ణాటక, కేరళలతో పాటు మన తెలుగు అచ్చు కథ కూడా ఉంది.