కాలేజీలో గ్లగ్ పెడతానన్న మా అమ్మలూకి

అమ్మలూ,

మీ కాలేజీలో గ్లగ్, అంటే విండోస్‌కి బదులు ఎవరైనా వాడుకుని మార్చుకోగల లినక్స్ వాడేవాళ్ళ గ్రూపు, పెడుతున్నారని తెలిసి చాలా సంతోషమేసింది. మొదటి మీటింగుకి ఆడిటోరియం నిండాలంటే ఏం చేయాలి బాబాయ్ అని అడిగావు. నిండకపోయినా ఏమీ కాదురా. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇలాంటివి బోలెడు మొదలయ్యాయి, పెట్టినవాళ్ళు ఫైనల్ ఇయర్ అయిపోయి ఉద్యోగాలకి వెళ్ళగానే చాలావరకు ఆగిపోయాయి. నాకు టెన్షన్ అంతా దాని గురించే. నువ్వు ఇప్పుడు థర్డ్ ఇయర్, అంటే నీ చేతిలో ఉన్నది గట్టిగా ఏడాదిన్నర. మొదటి వారంలోనే సెకండ్ ఇయర్ వాళ్ళని నలుగురిని వెంట పెట్టుకో. మెయిల్, టెలిగ్రామ్ గ్రూపు, కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ ఖాతా, వీటి అడ్మిన్ హక్కులు నీ ఒక్కదాని దగ్గరే ఉంచుకోకు, జూనియర్లకీ ఇవ్వు. ఒక సెషన్ నువ్వు చెబితే తర్వాతది వాళ్ళ చేత చెప్పించు, తడబడినా సరే మధ్యలో అందుకోకు.

మీటింగులు సాయంత్రం ఆరింటికి పెట్టొద్దు. హాస్టల్ అమ్మాయిలకి గేటు టైము, డే స్కాలర్లకి కాలేజీ బస్సు, చివరికి మిగిలేది అబ్బాయిల హాస్టల్ మాత్రమే. అలా ఒక్క సెమిస్టర్ నడిస్తే అది అబ్బాయిల క్లబ్బు అయిపోతుంది, తర్వాత మార్చడం చాలా కష్టం. క్లాసుల వేళల్లోనే ల్యాబ్ పీరియడ్ ఒకటి అడిగి తీసుకోండి. అన్నట్టు ఔట్‌రీచీ అని ఏటా రెండుసార్లు ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయి, ఇంటి నుంచే చేయొచ్చు, డబ్బులిస్తారు. మీ అమ్మాయిలందరికీ చెప్పు.

ఇన్‌స్టాల్ ఫెస్ట్‌కి, అంటే అందరి లాప్‌టాప్‌లలో లినక్స్ ఎక్కించే రోజుకి, ఇది మంచి సమయం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదనో ప్రాసెసర్ పాతదనో విండోస్ 11 ఎక్కని లాప్‌టాప్‌లు ప్రతి ఇంట్లో ఉన్నాయి. అవి శుభ్రంగా పనిచేసేవే. కానీ తెచ్చిన వెంటనే ఫార్మాట్ చేయకండి. ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్‌తో, బూట్ చేసి వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, ప్రొజెక్టర్‌కి కలుస్తోందా చూడండి. బ్యాకప్ లేనిదే డిస్కులోని భాగాలని, అంటే పార్టిషన్లని, ముట్టుకోవద్దు. డిస్కుకి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ రికవరీ కీ రాసుకోకుండా, బయోస్‌లో ఉండే సెక్యూర్ బూట్ ఆపేస్తే మళ్ళీ విండోస్ తెరిచేటప్పుడు ఆ కీ అడుగుతుంది, అది లేకపోతే అందులోని ప్రాజెక్టు రిపోర్టులు, ఫోటోలు అన్నీ పోయినట్టే. ఆ లాప్‌టాప్ తెచ్చిన పిల్ల జన్మలో లినక్స్ జోలికి రాదు, పది మందికి చెబుతుంది కూడా. సెమిస్టర్ పరీక్షల ముందు అసలు పెట్టకండి. వారం తర్వాత అదే ల్యాబ్‌లో మళ్ళీ కూర్చోండి, ఇబ్బందులన్నీ ఆ వారంలోనే బయటపడతాయి.

కేరళని చూడు. 2001లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ తిరువనంతపురం వచ్చి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాని ప్రారంభించారు. కానీ ఆ తర్వాత కొన్నేళ్ళకి అక్కడి సర్కారు బడులు లినక్స్‌కి మారడానికి ఉపన్యాసాలు చాల్లేదు. బడిలో ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేరే ఎందుకు నేర్పాలని టీచర్ల సంఘాలు గట్టిగా అడిగాయి, మారాక మాస్టర్ ట్రైనర్లని తయారుచేసి టీచర్లే టీచర్లకి నేర్పుకున్నారు. మలయాళం ఫాంట్లు, టైపింగు సంగతి స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్ళు ఏళ్ళ తరబడి చూసుకున్నారు. 2023లో లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వాళ్ళ ప్రపంచ సదస్సు, డెబ్‌కాన్ఫ్, కొచ్చిలో జరిగిందంటే వెనక అంత పని ఉంది. తైవాన్‌లో 2006 నుంచి జరుగుతున్న కాస్కప్ అనే ఓపెన్ సోర్స్ సదస్సుని కూడా మొత్తం వాలంటీర్లే నడుపుతారు, లోపలికి టికెట్ ఉండదు. మనకి హైదరాబాద్‌లో 2005 నుంచి స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ ఉంది, వెళ్ళి కలువు, ఒంటరిగా మొదలుపెట్టాల్సిన పని లేదు.

ఇంకో సంగతి, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. టీ షర్టు కోసం, రెజ్యూమే కోసం పుల్ రిక్వెస్టులు, అంటే వేరేవాళ్ళ ప్రాజెక్టులో ఈ మార్పు కలుపుకోండని పంపే అభ్యర్థనలు, పంపించే పని మీ గ్రూపులో మొదలవనీయకు. 2020లో, అలా పంపినవాళ్ళకి టీ షర్టులిచ్చే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఒక యూట్యూబ్ వీడియో చూసి ప్రాజెక్టు వివరాలుండే రీడ్‌మీ ఫైళ్ళలో ఒక్కో పదం అటూ ఇటూ మార్చి వేలాదిగా పంపారు, వాళ్ళలో మన దేశం పిల్లలూ ఉన్నారు. జీతం లేకుండా రాత్రిళ్ళు కూర్చుని ప్రాజెక్టులు నడిపేవాళ్ళు ఆ చెత్త ఊడ్చలేక అల్లాడారు, చివరికి నిర్వాహకులు నిబంధనలే మార్చుకోవాల్సి వచ్చింది. మన ఊరి పేరు చూడగానే అవతలివాళ్ళు నమ్మకంతో తెరిచేలా పని చేయండి.

కోడే రాయాలని లేదు. తెలుగులో వత్తు విరిగిపోతే, కర్సర్ అక్షరం మధ్యలో ఇరుక్కుంటే, జర్మనీలో కూర్చున్న డెవలపర్‌కి అది తప్పని కూడా తెలియదు. నీకు చూడగానే తెలుస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి, వెర్షన్ నంబరు రాసి, ఏం నొక్కితే ఏం జరిగిందో వరసగా చెప్పి ప్రాజెక్టు వాళ్ళకి బగ్ (తప్పు) ఫిర్యాదు పెట్టు, అది నిజమైన సాయం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అనువాదానికి పాంటూన్, ఎంఎస్ ఆఫీస్ లాంటి లిబ్రేఆఫీస్‌కి వెబ్లేట్ అనే వెబ్‌సైట్లు ఉన్నాయి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోది తెచ్చి అతికించొద్దు, రాసింది మీ అమ్మకి చూపించు, ఆ బటన్ ఏం చేస్తుందో ఆమెకి అర్థమైతేనే పంపు.

విండోస్ వాడేవాళ్ళని తక్కువ చేసి మాట్లాడకండి. బస్టాండ్ దగ్గర డీటీపీ చేసే అతని బతుకంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంది, అతన్ని రేపటికల్లా మారిపొమ్మనే హక్కు మనకి లేదు. తన కంప్యూటర్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకునే హక్కు, దాన్ని మార్చుకునే హక్కు తనకుందని ముందు తెలియనీ. లిబ్రేఆఫీస్ విండోస్ మీద కూడా నడుస్తుంది, అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.

సెప్టెంబర్ మూడో శనివారం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే, మొదటి కార్యక్రమం ఆ రోజుకి పెట్టుకోండి. ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే లెటర్ రాసి నాకు పంపు, చూసి పెడతాను. ఆయన కంటే ముందు ల్యాబ్ అసిస్టెంట్ గారిని కలిసి మాట్లాడు, ఆ సిస్టమ్స్ గురించి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు, పైగా తాళాలు కూడా ఆయన దగ్గరే ఉంటాయి.

బాబాయ్