సంతకం పెట్టే ముందు

శ్రీకాకుళం

బాబూ,

నీ ఉత్తరం, కథ రెండూ అందాయి. కథ గురించి విడిగా రాస్తాను. ముందు నువ్వు అడిగిన డబ్బు సంగతి. ఆమదాలవలసలో మందుల షాపు ఉద్యోగం మానేసి రాతల మీద బతకొచ్చా అన్నావు. వద్దు.

తెలుగులో కథలు రాసి ఇల్లు గడుపుకున్నవాళ్లు బహు తక్కువ. మన కారా మాస్టారు, అదే కథకులు కాళీపట్నం రామారావు గారు, విశాఖలో బడిపంతులుగా పనిచేసుకుంటూనే రాశారు. రాసినవీ కొద్ది కథలే. జీతం వేరే ఉంది గనకే ఏ కథనీ తొందరపెట్టకుండా ఉండగలిగారని నా నమ్మకం. పైగా తనకొచ్చిన పురస్కారాల సొమ్ము కూడా పెట్టి 1997లో ఇక్కడ తెలుగు కథల కోసమే ఒక గ్రంథాలయం, కథానిలయం, తెరిచారు. పుస్తకాలకి నెలనెలా డబ్బు తీసిపెడతానన్నావు కదా, అది మానేసి సెలవు రోజున బస్సెక్కి ఇక్కడికి రా. పాత పత్రికలు, సంపుటాలు కూచుని చదువుకో.

వాయిదాల్లో లాప్‌టాప్ కూడా ఇప్పుడొద్దు. ఫోన్లో తెలుగు కీబోర్డు ఉచితమే. ఇది పిసినారితనంతో అంటున్న మాట కాదు. నెల తిరిగేసరికి వాయిదా కట్టాల్సినవాడు ఎవడేం రాయమన్నా ఒప్పేసుకుంటాడు. ఖర్చు తక్కువున్నవాడికే ‘కుదరదండీ’ అనే నోరుంటుంది.

ఖాళీ వేళల్లో సంపాదించాలంటే కథ కన్నా భాషపని నయం: అనువాదం, ప్రూఫులు దిద్దడం, సబ్‌టైటిళ్లు. అనువాదానికి మాటకింత అంటారు. ఇంగ్లీషు మాటల లెక్కా, తెలుగు మాటల లెక్కా అని ముందే అడుగు. తెలుగులోకి వచ్చేసరికి మాటలు బాగా తగ్గిపోతాయి, ఆ మేరకు నీ కూలీ కూడా. ఒక పేజీ చేసి, మొదటిసారి చదవడం దగ్గర్నుంచి ఆఖరి దిద్దుబాటు దాకా గడియారం చూసుకో. 300 మాటల పేజీ, మాటకి రూపాయి, రెండు గంటలు పట్టిందంటే గంటకి 150. అంతకన్నా షాపులో ఓవర్‌టైమ్ మేలనిపిస్తే అదే చెయ్యి, సిగ్గేం లేదు.

సొంత డబ్బుతో పుస్తకం వేసే ఆలోచన ఇప్పట్లో పెట్టుకోకు. అచ్చు ఖర్చు సరే, ఆవిష్కరణకి హాలు, శాలువాలు, టిఫిన్లు! తీరా వచ్చినవాళ్లంతా కాపీ ఊరికే ఇస్తావనే వస్తారు.

అసలు జాగ్రత్త పడాల్సింది నీ కథని ఆడియోగా తెస్తామన్నవాళ్ల దగ్గర. కాస్త డబ్బిచ్చి ‘సర్వ హక్కులూ’ రాయించుకుంటామన్నారని రాశావు. కథ మీద హక్కు నీ జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా జరగాలి. అందులో గడువు రాయకపోతే అయిదేళ్లకే లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే ఇలాంటివాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ముందే అచ్చేయించి తెస్తారు. ఆ రెండు మాటలూ కొట్టేయమను. ఆడియోకి మాత్రమే, మూడేళ్లు అని రాయించు. పుస్తకం, సినిమా, అనువాదం హక్కులు నీ దగ్గరే ఉంచుకో. ఒప్పుకోకపోతే పోనీ, నీ జీతం నీకుంది కదా.

వాళ్లు పంపిన కాగితం ప్రతి పేజీ ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా సంతకం పెట్టకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు