అమ్మకి వాల్వ్ సన్నబడిందన్నారు, ఎన్నాళ్ళుంటుంది?

మీ అమ్మగారికి 42 ఏళ్ళు, గుండె గదుల మధ్య తలుపులాంటి మైట్రల్ వాల్వ్ 0.9 చదరపు సెంటీమీటర్లే తెరుచుకుంటోందని ఎకోలో (గుండె స్కాన్‌లో) వచ్చింది, ఇంకెన్నాళ్ళని అడిగారు. 1998లో ఇంటర్ చదువుతూ నేనూ డాక్టరు గారిని ఇదే అడిగానండీ. అప్పుడు అమ్మకి 34. ఇప్పుడు 60 దాటాయి. పొద్దున మనవరాలికి జడ వేసి బడికి పంపింది.

మామూలుగా ఆ వాల్వ్ 4 నుంచి 6 దాకా తెరుచుకోవాలి. చిన్నప్పుడు గొంతునొప్పి ముదిరి రుమాటిక్ జ్వరం వస్తే, రేకులు ఏళ్ళ తరబడి మెల్లగా అతుక్కుంటూ వస్తాయి. అమ్మ నీళ్ళ బిందెతో మెట్లెక్కుతూ సగంలో కూలబడేది. రక్తం తక్కువనుకుని టానిక్కులు తాగించాం. ఆ రెండేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

తొడ దగ్గర నరంలోంచి బెలూన్ పంపి వాల్వ్ తెరిచారు. 14 ఏళ్ళు హాయిగా గడిచాయి. మళ్ళీ సన్నబడితే 2012లో ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ వేశారు. బెలూన్ అందరికీ కుదరదు. వాల్వ్‌కి సున్నం బాగా పట్టినా, లీకు ఎక్కువున్నా, గుండె గదిలో రక్తం గడ్డ ఉన్నా వద్దంటారు.

అసలు భయం నాకు తర్వాత తెలిసింది. మెటల్ వాల్వ్ రాత్రిపూట గడియారంలా టిక్కుటిక్కుమంటుంది, పక్కన పడుకుంటే వినిపిస్తుంది. ఒకసారి పన్ను పీకించుకోవాలని అమ్మ ఎవర్నీ అడక్కుండా రక్తం పలచబడే మాత్ర ఆపేసింది, మళ్ళీ వేసుకోవడం మరిచిపోయింది. పది రోజులకి ఆయాసం. ఆ రాత్రి చెవి పెట్టి విన్నాను, టిక్కు వినపడలేదు. ఆస్పత్రికి పరుగెత్తాం. రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ లెక్క 1.2కి పడిపోయింది, వాల్వ్ మీద గడ్డ. మందుతో కరిగించి బతికించారు. అమ్మకి అది 2.5, 3.5 మధ్య ఉండాలి. అప్పట్నుంచి ప్రతి లెక్కా నేనే నోటుబుక్కులో రాస్తున్నాను. ఆకుకూరలు ఎక్కువ తక్కువైతే ఆ లెక్క మారుతుందట. అయినా గోంగూర మాన్పించలేదు, ఒక వారం రోజూ, మరో వారం అసలు లేకుండా కాక, ఎప్పుడూ ఒకే తీరుగా తినమన్నారు.

రుమాటిక్ జ్వరం మళ్ళీ రాకుండా పెన్సిలిన్ ఇంజెక్షన్ 21 రోజులకోసారి రాస్తే, నొప్పని ఎగ్గొట్టనివ్వకండి. మా ఇంట్లో క్యాలెండర్‌లో ఆ తేదీలకి సున్నా చుట్టేవాళ్ళం.

ఈసారి వెళ్ళినప్పుడు “ఈ వాల్వ్ బెలూన్‌కి పనికొస్తుందా, ఎప్పుడు చేస్తారు” అని సూటిగా అడగండి. ఆయాసం పెద్దగా లేదని అమ్మగారు అంటే నమ్మేయకండి, మా అమ్మా అలాగే అనేది. ఓ అంతస్తు మెట్లు పక్కనే ఉండి ఎక్కించి చూడండి.