లెవల్ 2 రాకెట్‌కి జీపీఎస్ ట్రాకర్ అవసరమా? పొలాల పక్కన ఎగరేసేవాళ్లకి తప్పదు

అడిగిన ప్రశ్న ఇది: "టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. హైపవర్ రాకెట్లలో లెవల్ 1 అయింది, ఇప్పుడు జె మోటర్‌తో లెవల్ 2 చేద్దామనుకుంటున్నా. మూడు నాలుగు వేల అడుగులే కదా, కంటికి కనపడుతూనే ఉంటుంది. బీపర్ పెడితే సరిపోదా? జీపీఎస్ ట్రాకర్‌కి అంత డబ్బు దండగ కాదా?"

దండగ కాదండీ. బీపర్ ఉత్తినే కూత పెడుతుంది. జీపీఎస్ ట్రాకరైతే రాకెట్ ఎక్కడుందో రేడియోలో మన చేతిలోని రిసీవర్‌కి పంపుతుంది. లెవల్ 2 అంటే జె, కె, ఎల్ మోటర్లు ఎగరేయడానికి కావలసిన సర్టిఫికేషన్ (అక్షరం ముందుకి పోయేకొద్దీ మోటర్ బలం పెరుగుతుంది). అది రావాలంటే రాకెట్ ఎగిరితే చాలదు. దిగాక దాన్ని తీసుకొచ్చి సర్టిఫై చేసే ఆయన చేతిలో పెట్టాలి, ఆయన అటూ ఇటూ తిప్పి చూసి ఇది మళ్లీ ఎగరగలదు అనాలి. రాకెట్ దొరక్కపోతే రాతపరీక్ష పాసైనా, మోటర్ బ్రహ్మాండంగా కాలినా ఆ రోజుకి సర్టిఫికేషన్ లేనట్టే. మీ ప్రశ్నకి జవాబు ఇంతే. కానీ నేను ట్రాకర్ కొనమనేది మీ సర్టిఫికెట్ కోసం కాదు. ఆ రాకెట్ దిగేది ఎవరో ఒక రైతు చేలో. అందుకోసం.

లెవల్ 1 అయిన కొత్తలో నేనూ మీలాగే అనుకున్నాను. నాలుగంగుళాల అట్ట గొట్టం రాకెట్, ఐ మోటర్, రెండు వేల అడుగులు. దీనికి ట్రాకర్ దేనికి? పారాచూట్ చక్కగా విచ్చుకుంది, గాలికి మెల్లగా జరుగుతూ పక్కనున్న మొక్కజొన్న మీదికి పోయింది. దిగిన చోటు కళ్లారా చూశాను, ఆ కరెంటు స్తంభానికి సూటిగా అనుకున్నాను. ముగ్గురం మూడు గంటలు తిరిగాం. ఆ పంట ఎనిమిదడుగుల ఎత్తు ఉంది. లోపలికి పదడుగులు వేస్తే స్తంభం కనపడదు, దిక్కు తెలియదు, మనిషిని మనిషి కేకేసి వెతుక్కోవాలి. చీకటి పడే వేళకి వదిలేసి వచ్చేశాం.

ఆగస్టులో ఫోన్ వచ్చింది. రాకెట్ మీద నా పేరూ నంబరూ రాసి ఉన్నాయి కాబట్టి ఆ రైతే చేశాడు. కోత మిషన్‌లో పడిందట. అట్ట నలిగి పొడైపోయింది గానీ, ఐబోల్ట్ అనే ఇనుప రింగు బోల్టూ దానికి కట్టిన కెవ్లార్ అనే గట్టి తాడూ రోలర్లకి చుట్టుకుపోయి మిషన్ ఆగిపోయింది. విప్పడానికి రెండు గంటలు పట్టిందన్నాడు. కోపంగా ఏమీ అనలేదు. "నీ సామాను బకెట్లో పెట్టాను, వచ్చి తీసుకెళ్లు" అన్నాడంతే. నేను రైతు కొడుకుని. మాది నంద్యాల పక్క పల్లె. కోత రోజున మిషన్ రెండు గంటలు ఆగడమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. డబ్బు ఇస్తానంటే తీసుకోలేదు. ఆ బకెట్ పట్టుకుని కారు దాకా నడిచిన నడక ఇప్పటికీ గుర్తుంది. ఆ రాకెట్‌లో లిథియం బ్యాటరీ లేదు కాబట్టి సరిపోయింది. ఉండి, అది నలిగి, ఎండిన ఆకుల్లో అంటుకుని ఉంటే?

ఆ రోజు నుంచి పొలాల పక్కన ట్రాకర్ లేకుండా ఏదీ ఎగరేయలేదు. నన్నడిగితే, పంట నిలబడి ఉన్న కాలంలో ట్రాకర్ లేని హైపవర్ రాకెట్‌ని ప్యాడ్ ఎక్కనివ్వకూడదని ప్రతి క్లబ్బూ రూలు పెట్టాలి. మోటర్‌కి, ఎత్తు ఎంత వెళ్లిందో చెప్పే ఆల్టిమీటర్‌కి, వీడియో తీసే కెమెరాకి వందల డాలర్లు పెడతారు. ట్రాకర్ అనేసరికి చెయ్యి వెనక్కి పోతుంది. ఎందుకో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అసలు కథ. మూడేళ్ల కిందట లేబర్ డే వారాంతం, కాన్సస్‌లో ఆర్గోనియా దగ్గర జరిగే ఎయిర్‌ఫెస్ట్ అనే రాకెట్ల లాంచ్. నాలుగంగుళాల ఫైబర్‌గ్లాస్ రాకెట్, కె మోటర్. శిఖరానికి వెళ్లాక చిన్న పారాచూట్ రావాలి, 700 అడుగులకి దిగాక పెద్దది రావాలి. అట్లా అయితే ప్యాడ్‌కి దగ్గర్లోనే దిగుతుంది. నా రాకెట్ 7,600 అడుగులు వెళ్లింది. అక్కడ చిన్న పారాచూట్‌ని బయటికి నెట్టే మందు (మొదటి చార్జ్) పేలిన కుదుపుకి పై భాగాన్ని పట్టి ఉంచే నైలాన్ స్క్రూలు కూడా తెగి, పెద్ద పారాచూట్ అక్కడే విచ్చుకుంది. కింద ఉన్న మాకు ఇదేమీ కనపడలేదు. ఆ ఎత్తులో తెల్లటి ఆకాశంలో ఏమీ కనపడదు, ఎంత కళ్లున్నవాడికైనా సరే. నాకు తెలిసింది రిసీవర్‌లో అంకెలు చూసి. సెకనుకి డెబ్బై ఎనభై అడుగులు తగ్గాల్సిన ఎత్తు పద్దెనిమిదే తగ్గుతోంది. అంటే ఏడు నిమిషాలు గాల్లో ఉంటుంది. పైన గాలి గట్టిగా ఉంది. టెన్షన్ ఎట్లా ఉంటుందో చెప్పలేను. దూరం మాత్రం పెరుగుతూనే ఉంది: అర మైలు, మైలు, మైలున్నర.

నేలకి 260 అడుగుల ఎత్తులో ఉండగా మధ్యలో చెట్ల వరస అడ్డొచ్చి సిగ్నల్ ఆగిపోయింది. ఆఖరి అక్షాంశ రేఖాంశాలు బాల్ పెన్నుతో అరచేతి మీద రాసుకున్నాను. ఇది ప్రతిసారీ చేయండి. ఆ ఎండలో నా ఫోన్ పావుగంటకే వేడెక్కి ఆరిపోయింది, చెయ్యి ఆరిపోలేదు. తర్వాత చిన్న లెక్క: 260 అడుగులు దిగడానికి పద్నాలుగు సెకన్లు, నేల దగ్గర గాలి గంటకి పది మైళ్లు, అంటే ఆఖరి పాయింట్ నుంచి గాలి వాటున ఇంకో 200 అడుగులు వెళ్లి పడి ఉండాలి.

కారులో మట్టిరోడ్డు మీద తిరిగి వెళ్లి చూస్తే అది జొన్న చేను! అక్కడ మైలో అంటారు. అమెరికాలో జొన్న ఎక్కువగా పండేది కాన్సస్‌లోనే. మన జొన్నలా తలెత్తి చూసేంత ఎత్తు కాదు, పొట్టి రకం, నడుము దాకా వస్తుంది. కంకి మాత్రం ఇటుకరాయి రంగు. మా నాయన చిన్నప్పుడు నన్ను మంచె మీద కూర్చోబెట్టి ఒడిసెల చేతికిచ్చి పిట్టల్ని తోలమనేవాడు. మంచె మీద నుంచి చేనంతా కనపడేది. ఇక్కడ మంచె లేదు, నేల మీద నిలబడి చూస్తే ఆకాశం అంచు దాకా ఒకటే ఎర్రటి చాప. చుట్టుపక్కల ఇల్లు లేదు, అడగడానికి మనిషి లేడు. ఫోన్ చల్లబడి మళ్లీ వెలిగాక క్లబ్‌లో ఒక పెద్దాయనకి కాల్ చేస్తే, ఆయన రైతుతో మాట్లాడి, సాలు వెంట నడవండి, సాళ్లకి అడ్డంగా పోవద్దు అని చెప్పాడు. అడ్డంగా పోకూడదని నాకు తెలుసు, అయినా అనుమతి వచ్చేదాకా గట్టు మీదే ఆగాను.

సాలు మధ్యలో దిగి నడిచాను. జొన్నాకు అంచు ముంజేతుల మీద కోసుకుంటూనే ఉంది. ఆకుల నిండా పేనుబంక, చొక్కా జిగటయిపోయింది. ఆ జిగట వాసన నాకు నంద్యాలదే. 300 గజాల దూరంలోకి వచ్చేసరికి రిసీవర్ ఒక్కసారి పలికింది. మళ్లీ మౌనం. పచ్చి ఆకుల్లో ఉన్న నీరు ఆ తరంగాల్ని మింగేస్తుంది. రిసీవర్‌ని తల మీదికెత్తి పట్టుకుంటే మళ్లీ పలికింది, ఈసారి కొత్త అంకెలు, నేల మీద పడ్డాక పంపినవి. నేను లెక్కేసిన చోటికి నలభై అడుగుల తేడా. రిసీవర్ 'ఇక్కడే' అంటున్న చోట నిలబడ్డాను. ఏమీ లేదు! ఎర్ర కంకులు, ఎర్ర కంకులు. నా రాకెట్‌కి వేసిందీ ఎర్ర రంగే. ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే ఎడమ పక్క నుంచి ఆల్టిమీటర్ బీప్ సన్నగా వినిపించింది. రెండు సాళ్ల అవతల, కంకుల మీద పారాచూట్ బట్ట పరుచుకుని ఉంది, దాని కింద గొట్టం సాలులో తిన్నగా పడుకుని ఉంది. ఒక్క కంకి విరగలేదు. బట్టని కంకి కంకికీ విడదీసి తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

కాబట్టి బీపర్ వద్దనను. ఆఖరి పదిహేను అడుగులకి బీపరే దిక్కు. ఆ పదిహేను అడుగుల దాకా తీసుకొచ్చేది మాత్రం ట్రాకరే. గాలి వీస్తుంటే బీపర్ యాభై గజాలు కూడా వినపడదు.

ఆ రాత్రి ఇంటికి వీడియో కాల్ చేసి చూపిస్తే మా నాయన రాకెట్ సంగతి అడగలేదు. "చేను తొక్కినారా?" అన్నాడు. "లేదు నాయనా, సాలు వెంటే పోయినా" అన్నాను. "కంకి గట్టిపడిందా?" అని అడిగి, గింజ ఎట్లుందో చూపించమన్నాడు. నేను కంకి కోసుకురాలేదని చెప్తే సరే అన్నాడు.

ఇక కొనే సంగతి. 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేసేవాటికి అమెరికాలో లైసెన్స్ అక్కర్లేదు. ఫెదర్‌వెయిట్ ట్రాకర్ లాంటివి లోరా అనే రేడియో పద్ధతి వాడతాయి, తక్కువ పవర్‌తోనే చాలా దూరం అందుతాయి. సోల్డరింగ్ వచ్చినవాళ్లకి ఎగ్‌ఫైండర్ అనే ట్రాకర్ కిట్ చవక. 70 సెంటీమీటర్ల బ్యాండ్‌లోవి, ఉదాహరణకి ఆల్టస్ మెట్రమ్ వాళ్ల టెలీజీపీఎస్, వాడాలంటే హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ కావాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నాం, మనకివ్వరు అని చాలామంది మనవాళ్లు వెనకాడతారు. అది అపోహ. సిటిజన్ కానక్కర్లేదు, అమెరికాలో ఒక పోస్టల్ అడ్రస్ ఉంటే చాలు. హామ్‌లో మొదటి మెట్టయిన టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే పాస్. రెండు వారాంతాలు చదివితే అయిపోతుంది. మన హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పెట్టుకుని కూడా మన ఇంజినీరింగ్ పిల్లల్లో హామ్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఇంత తక్కువ ఉండటం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ట్రాకర్‌ని ముక్కు కోన్‌లో పెట్టండి, యాంటెన్నా పక్కన ఇనుప కడ్డీ లేకుండా చూసుకోండి. ఫైబర్‌గ్లాస్‌లోంచి, అట్టలోంచి సిగ్నల్ హాయిగా వెళ్తుంది. కార్బన్ ఫైబర్‌లోంచి వెళ్లదు. లోహపు పొడి కలిసిన మెటాలిక్ పెయింట్లతోనూ ఇదే గొడవ, అయినా ప్రతి లాంచ్‌లో ఎవరో ఒకరు వెండిలా మెరిసే ముక్కుతో వస్తారు, చెప్తే వినరు. ముందు రోజు రాకెట్ మొత్తం బిగించి, ఎవరి చేతికైనా ఇచ్చి అర మైలు దూరం పంపి, మీ రిసీవర్‌లో అంకెలు వస్తున్నాయో లేదో చూడండి. బల్ల మీద విప్పి పెట్టి చూసిన టెస్టు టెస్టు కాదు. ప్యాడ్ మీద ఎనిమిది ఉపగ్రహాలైనా అందేదాకా ఆగండి. మోటర్ మండుతున్నప్పుడు ఆ వేగానికి జీపీఎస్ కాసేపు తప్పుడు అంకెలు చూపిస్తుంది, భయపడకండి, పైకి వెళ్లాక సర్దుకుంటుంది.

అంకెలు రాసుకునేటప్పుడు డిగ్రీలా నిమిషాలా చూసుకోండి. 37 డిగ్రీల 10.5 నిమిషాలని 37.105 అని ఫోన్‌లో కొడితే దాదాపు 8 కిలోమీటర్లు దూరం పోతారు. మా స్నేహితుడు ఒకడు ఇట్లాగే పోయి, ఇంకెవరిదో పొలం ముందు గంటసేపు నిలబడ్డాడు. మ్యాప్ యాప్‌ని ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. పొలాల్లో నెట్ ఉండదు, ఈ యాప్‌లు తయారుచేసేవాళ్లు పొలం ముఖం చూశారో లేదో నాకు అనుమానమే.

మీ లెవల్ 2 ఎప్పుడో, ఎక్కడో రాయండి. నా దగ్గర పాత 900 మెగాహెర్ట్జ్ సెట్ ఒకటి ఖాళీగా ఉంది, రిసీవర్‌తో సహా. ఆ ఒక్క ఫ్లైట్‌కి వాడుకుని తిరిగి పంపండి.